టైరు అరుగుదల, చక్రపు బిగువు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల నడుమ తిరుగు కార్లకు ఆ సీమ నేల పెట్టు పరీక్షలు పెక్కు. ఒకచోట నాపరాళ్ల లారీల బరువునకు క్రుంగి గుంతలు పడిన బాట, వేరొకచోట తారు అంచు దిగినంతనే టైరు ప్రక్కను కోయగల వాడిరాళ్ల కంకర, ఇంకొకచోట చీనీతోటలకు పోవు మట్టిదారి. వీనికి తోడు వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండ. ఇట్టి నేలపై టైర్లు త్వరగా అరుగుట సహజమేయని పెక్కుమంది యజమానులు సరిపెట్టుకొందురు. ఆ మాటను నేనంగీకరింపజాలను. బాట నాలుగు టైర్లను అరగదీయునే కాని, నాలుగింటిలో ఒకదానిని, అందును ఒక అంచును మాత్రమే ఏరుకొని అరగదీయదు. అసమానముగా అరిగిన టైరు బండిలో ఎచటనో దాగియున్న దోషమును బయటపెట్టుచుండును. ఆ దోషమును కనుగొనక క్రొత్త టైరు వేయించినచో, కొలది నెలలలోనే అదియు పాతదాని గతినే పట్టును.

గాలి విషయము తేలికగా తెలియును. గాలి తక్కువైనచో టైరు నడుమ భాగము లోనికి క్రుంగి భారమంతయు రెండు అంచులపై పడును గనుక అంచులు రెండును అరుగును. ఎక్కువైనచో నడుమ ఉబ్బి నడుమనే అరుగును. ఎంత గాలి ఉండవలయునో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీపై వ్రాసియుండును. ఆ లెక్క చల్లని టైరుకు చెందినది. వేడిమి 5, 6 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల పీడనము సుమారొక పౌను హెచ్చును; కావున మిట్టమధ్యాహ్నము జమ్మలమడుగు నుండి వచ్చి నిలిచిన బండికి గాలి చూపించి, ఎక్కువైనదని తీయించినవాడు, మరునాటి ఉదయమునకు తక్కువ గాలితో బయలుదేరినవాడగును. తెల్లవారుజామున, బండి కదలకముందు చూచుకొనుటయే సరియైన పద్ధతి.

ఒక అంచు మాత్రమే నున్నబడినచో అది గాలి దోషము కాదు. చక్రము నిలువుగా నిలువక లోనికో వెలికో ఒరగినను, ముందు చక్రములు రెండును పరస్పరము సరిగా సాగక ముక్కులు లోనికో వెలికో తిరిగియున్నను ఇట్లగును. ఈ రెండవ దోషమును కన్నుకంటె చేయి త్వరగా పట్టును: టైరుపై అరచేతిని అడ్డముగా ఒకవైపునకు నిమిరినప్పుడు నున్నగా జారి, మరలివచ్చునప్పుడు రంపపు పండ్లవలె తగిలినచో, చక్రము ప్రతి మైలునను కొంత ప్రక్కకు ఈడ్వబడుచున్నదని తెలియవలయును. లోపలి అంచు పైకి కనబడదు. స్టీరింగును పూర్తిగా ఒకవైపునకు త్రిప్పి, వంగి చూచినగాని రబ్బరులోని తీగలు బయటపడుచున్నను తెలియదు. అన్నివేళల కనబడు వెలుపలి అంచును చూచి తృప్తిపడుటవలన ఎన్ని టైర్లు దారిలో పగులుచున్నవో! గాడులలో అడ్డముగా అక్కడక్కడ నిలిచియుండు చిన్న రబ్బరు దిమ్మలు 1.6 మిల్లీమీటర్ల లోతునకు గుర్తు. వానితో సమముగా అరిగిన టైరును ఇక నడుపరాదు.

టైరు చుట్టును అక్కడక్కడ పల్లములు పడినచో షాకబ్జర్లు శిథిలమైనవనియో, చక్రమునకు బ్యాలెన్సు తప్పినదనియో, బేరింగు వదులైనదనియో అనుమానింపవలయును. ఈ ప్రాంతమున వేరొక కారణము కూడ కలదు. వానకాలమున రేగడిమట్టి చక్రపు లోపలివైపున ముద్దగా పట్టుకొని ఎండిపోవును; ఆ బరువు ఒకవైపున నిలిచిపోయి, వేగమందుకొనగనే స్టీరింగు వణకును. వర్క్‌షాపునకు పోకముందు లోపలివైపును కడిగి చూచుట మేలు.

వీనన్నిటికంటె అపాయకరమైనది నట్ల సడలింపు. పూర్వము ఎద్దులబండి కట్టు రైతు బయలుదేరుటకు ముందు ఇరుసునకు కందెన వేసి, కడచీల ఉన్నదో లేదో తడిమి చూచెడివాడు. కారు నడుపువారిలో ఆ తడిమిచూచు అలవాటు అరుదు. చక్రమును మోయునవి బోల్టులే అని అనేకులు తలంతురు. వాస్తవమునకు నట్టు బిగింపువలన బోల్టు కొంచెము సాగి, చక్రమును హబ్బునకు గట్టిగా అదిమిపెట్టును; ఆ రెంటి నడుమ పుట్టు ఘర్షణయే చక్రమును కదలనీయదు. ఆ నడుమ తుప్పో మట్టియో రంగో చిక్కినచో, కొలదిదూరములో అది నలిగి రాలిపోయి, ఎంత బిగించిన నట్టైనను వదులగును. అందుచేత చక్రము మార్చిన పిదప 80 నుండి 100 కిలోమీటర్లలోపల నట్లను మరల పరీక్షింపవలయును. ప్రొద్దుటూరులో చక్రము మార్పించుకొని జమ్మలమడుగు, ముద్దనూరుల మీదుగా పులివెందులకు పోయివచ్చువానికి ఆ దూరము దారిలోనే గడచును గనుక, పులివెందులలో బండి నిలిపినప్పుడే ఆ పని చేసికొనవచ్చును. చిన్నకార్లకు బిగువు సాధారణముగా 85 నుండి 120 న్యూటన్ మీటర్లు. తమ బండికెంతయో పుస్తకమున చూడవలయును. ఒకదాని తరువాత దాని ప్రక్కదానిని కాక, ఎదురెదురుగా ఉన్నవానిని మార్చిమార్చి బిగింపవలయును. గాలితుపాకితో లారీనట్లవలె బిగించినచో బోల్టు హద్దు మీరి సాగును, బ్రేకు డిస్కు వంకరపోవును. నట్టు చుట్టును తుప్పు చారలు, కోలగా అరిగిన రంధ్రములు, మెల్లగా పోవునప్పుడే వినబడు టక్కుటక్కు శబ్దము సడలింపునకు గుర్తులు. వీనిలో ఏది కానవచ్చినను బండిని అక్కడనే ఆపవలయును.

నట్లు గట్టిగానే ఉండి చక్రము ఊగుచున్నచో పరీక్ష మరొకటి. గట్టి నేలపై జాకీ పెట్టి (రేగడినేలలో జాకీ దిగబడును గనుక క్రింద మందపు చెక్క వేసి), శరీరమును బండిక్రిందికి చేర్పక, చక్రమును పైన క్రింద పట్టి ఊపవలయును. కదలిక ఉన్నచో బేరింగో బాల్ జాయింటో కావచ్చును. వేరొకరు బ్రేకు త్రొక్కిపట్టినప్పుడు ఆ కదలిక ఆగినచో దోషము బేరింగుది. ఆగనిచో బాల్ జాయింటుది. ముందు చక్రమును ప్రక్కలయందు పట్టి ఊపినప్పుడు కదలినచో టై రాడ్ చివరలను చూపింపవలయును. ఇవి బాగుచేయింపక, చక్రముల ఒరుగుదలను ముక్కుల దిశను సరిదిద్దు అలైన్‌మెంటు చేయించుట ధనవ్యయమే. వదులైన కీళ్లపై పెట్టిన కొలత మరునాటికే తప్పిపోవును.

దోషము తీరిన పిదపను, పల్లములు పడిన పాత టైరు హోరును మానదు. బేరింగు హోరును ఇట్లే ఉండును. ఈ రెంటిని వేరుచేయుటకు ముందు టైర్లను వెనుకకు మార్చి అదే బాటపై నడిపి చూడవలయును: హోరు వెనుకకు పోయినచో అది టైరుది, ముందువైపుననే నిలిచినచో బేరింగుది.