కొలత త్రాడు

పొలములో ఒక శవము పడియున్నది, చంపినవాడెవడో తెలియదు. అప్పుడేమి చేయవలెను? ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము చెప్పు విధి విచిత్రమైనది. పెద్దలు వచ్చి, శవమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. అన్నిటికంటె దగ్గరనున్న ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను ఏటిలోయకు తోలుకొనిపోయి, మెడ విరిచి, దానిపై చేతులు కడుగుకొని, ఈ రక్తము తాము చిందింపలేదని, చిందించుట చూడలేదని పలుకవలెను. క్రతువు మాట అటుండనిండు. హంతకుడు దొరకకున్నను ఊరు మౌనముగా నుండరాదన్నదే ఇందలి పట్టు.

హంతకులు తెలిసియున్నచో? న్యాయాధిపతుల గ్రంథములో, ఒక లేవీయుని ఉపపత్నిని చెరచి చంపిన గిబియా దుండగులను అప్పగింపుడని తక్కిన గోత్రములు కోరగా, బెన్యామీనీయులు తమవారిని విడువలేదు. యుద్ధము ముగియునప్పటికి ఆ గోత్రమున మిగిలినవారు 600 మంది పురుషులే. గెలిచినవారును ఏడ్చిరి. ఆమెను వాకిటికి త్రోసిన భర్త మాత్రము తన పాలి తప్పును సభలో చెప్పనే లేదు!

ఈ గ్రంథము మన సీమకు క్రొత్తది కాదు. 1878 జులైలో ఒంగోలు ప్రాంతమున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మాదిగలే ఎక్కువ. 1985 జులై 17న కారంచేడులో, తాగునీటి చెరువును మురికిచేయవద్దన్న మాటపై పుట్టిన తగవు పెరిగి, ఆరుగురు మాదిగలు హతులైరి. ఇక్కడ కొలత త్రాడుతో పనిలేదు. దాడిచేసినవారు తెలియనివారు కారు. ఆ యేడే దళిత మహాసభ పుట్టినది. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో గాని రాలేదు. ప్రాణములతో చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకొన్నవారిలో పలువురు మరల ఆ ఊరి ముఖము చూడక, చీరాలలోనే కాపురములు పెట్టుకొనిరి.