ఇంటి చదువు నుంచి హైస్కూలుకు: క్రెడిట్ల లెక్క ముందే చూసుకోండి

అమెరికాలోని టెక్సస్‌లో ఉన్న మన తెలుగు సంఘాల్లో పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే కుటుంబాలు ఉన్నాయి. ఎనిమిదో తరగతి దాకా సాఫీగానే సాగుతుంది. తరువాత తల్లికి ఉద్యోగం దొరకడమో, ఇంట్లో కెమిస్ట్రీ ల్యాబ్ కుదరకపోవడమో జరిగి స్కూలుకు పంపుదామనుకుంటారు. మా సహవాసంలో ఒక కుటుంబం అబ్బాయిని పదకొండో తరగతిలో చేర్చబోతే, కౌన్సెలర్ అడిగిన మొదటి మాట "రికార్డులేవి?" అని. రెండేళ్ల చదువు వాడి తలలో ఉంది, కాగితం మీద లేదు. వాణ్ణి తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో కూర్చోబెట్టారు. ఆ తల్లి ప్రార్థన కూడికలో కన్నీళ్లు పెట్టుకుంది. అందుకే ఈ విషయం రాస్తున్నాను.

టెక్సస్‌లో ఇంటి చదువుకు చట్టపరంగా ఇబ్బంది లేదు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంటి బడిని ప్రైవేటు స్కూలుగానే లెక్కించింది. అయితే అది గుర్తింపు లేని ప్రైవేటు స్కూలు కింద వస్తుంది. కాబట్టి మీరిచ్చిన మార్కులను ప్రభుత్వ స్కూలు ఉన్నవున్నట్టు ఒప్పుకోనక్కర్లేదు. మీ సిలబస్, పిల్లవాడి పని చూసి నిర్ణయించవచ్చు, లేదా పరీక్ష పెట్టవచ్చు. ఏ పద్ధతన్నది ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ ఇష్టం. పక్క ఊళ్లోని అన్నయ్య వాళ్లకు జరిగినట్టే మనకూ జరుగుతుందనుకోకండి.

క్రెడిట్ అంటే స్థూలంగా ఒక సబ్జెక్టును ఏడాది పాటు చదవడం. సుమారు 120 గంటలని ఎప్పటినుంచో ఉన్న కొలత. సగం ఏడాదికి అర క్రెడిట్. హైస్కూలు పూర్తి కావడానికి 22 క్రెడిట్లు కావాలి: ఇంగ్లీషు 4, లెక్కలు 3, సైన్సు 3, సోషల్ 3, మరో భాష 2, వ్యాయామం 1, కళలు 1, మిగతా 5 ఐచ్ఛికాలు. ఏదైనా ప్రత్యేక విభాగం ఎంచుకుంటే 26. ఆల్జీబ్రా 1, బయాలజీ వంటి వాటికి రాష్ట్ర పరీక్షలు కూడా ఉంటాయి. క్రెడిట్ వచ్చినా ఆ పరీక్ష మాఫీ అవుతుందనుకోవద్దు.

క్రెడిట్ కోసం పరీక్ష రాసే పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఆ సబ్జెక్టు ముందే పద్ధతిగా చదివినట్టు రికార్డులు చూసి స్కూలు ఒప్పుకుంటే 70 శాతం చాలు. లేకపోతే 80 శాతం రావాలి. ఆ పది మార్కుల తేడా మీ నోటుపుస్తకం మీద ఆధారపడిందన్నమాట! తొమ్మిదో తరగతి మొదటి రోజు నుంచే సబ్జెక్టు పేరు, పుస్తకం, మొదలుపెట్టిన తేదీ, గంటలు, పరీక్ష పేపర్లు, వ్యాసాలు, ల్యాబ్ నోట్సు ఒక ఫైలులో పెట్టండి. సబ్జెక్టుల పేర్లు స్కూలు వాడే పేర్లే వాడండి. "సైన్సు" అని రాస్తే వాళ్లకు అర్థం కాదు, "బయాలజీ" అని రాయాలి.

బైబిలు పాఠాలకు క్రెడిట్ వస్తుందా అని చాలామంది అడుగుతారు. వస్తే గిస్తే ఐచ్ఛికంగానే, అదీ స్కూలు ఒప్పుకుంటేనే. సోషల్‌కు బదులుగా చూపించబోకండి. మరో భాష విషయంలో మాత్రం మనకు ఒక మేలుంది. తెలుగులో పరీక్ష రాసి క్రెడిట్ పొందే వీలు కొన్ని డిస్ట్రిక్టుల్లో ఉంది. సండే స్కూల్లో తెలుగు బైబిలు చదివించిన అమ్మమ్మల శ్రమ అక్కడ అక్కరకొస్తుంది.

ఇండియాలోని వారికి ఈ క్రెడిట్ల గొడవ లేదు. ఇంటర్‌లో చేరాలంటే పదో తరగతి సర్టిఫికెట్ కావాలి. 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా ఆ పరీక్ష రాయవచ్చు.

చేర్చాలనుకునే ఏడాదికి ముందు వసంతకాలంలోనే కౌన్సెలర్‌ను కలవండి. ఈ పరీక్షలు ఏడాదిలో కొన్ని విడతల్లోనే జరుగుతాయి, పేరు ముందే నమోదు చేసుకోవాలి. ఇంటి మార్కులు ర్యాంకు లెక్కలోకి వస్తాయో రావో కూడా అడిగి, జవాబును ఈమెయిలులో రాయించుకోండి. మా సంఘం అబ్బాయి వేసవిలో రెండు పరీక్షలు రాసి ఇంగ్లీషు క్రెడిట్లు తెచ్చుకున్నాడు. బయాలజీ మాత్రం ఇప్పుడు తమ్ముడి వయసు పిల్లలతో కలిసి చదువుతున్నాడు.