అద్దె యింటికి అనుమతి రుసుము

పాలకొల్లులో కిరాణా కొట్టు తెరచువాడు మునిసిపాలిటీ వారి ట్రేడు లైసెన్సు తీసికొనవలెను. టిఫిను హోటలు పెట్టువాడు ఆహార భద్రతాశాఖ వారి వద్ద పేరు నమోదు చేయించుకొనవలెను. ఆటో తోలుకొని బ్రతుకువాడు సైతము పర్మిట్టు లేక రోడ్డెక్కరాదు. కాని తన డాబామీద రెండు గదులును ఒక వంటయిల్లును వేసి, కొత్తగా పెండ్లయిన దంపతులకో, భీమవరమునకు రోజూ రైలెక్కి పోయివచ్చు ఉద్యోగికో ఆ పోర్షనును అద్దెకిచ్చి నెలనెలా సొమ్ము పుచ్చుకొను గృహస్థునకు, ఇల్లు అద్దెకిచ్చుట యను పనికై ప్రత్యేకముగా ఏ లైసెన్సును అక్కరలేదు. కట్టునపుడు ప్లాను మంజూరు చేయించుకొనుటతో సర్కారుకును ఆయనకును నడుమ ఆ లావాదేవి ముగిసినట్లే. ఆపైన గేటుకు టు-లెట్ బోర్డు కట్టుటయు విప్పుటయు ఆయన యిష్టము.

ఈ స్వేచ్ఛ అన్ని దేశములలోను లేదు. ఇంగ్లండులో 2004 సంవత్సరపు గృహచట్టము ననుసరించి, వేర్వేరు కుటుంబములకు చెందిన ఐదుగురుగాని అంతకు మించినవారుగాని ఒకే వంటగదిని, ఒకే స్నానపుగదిని పంచుకొనుచు కాపురముండు ఇంటికి, యజమాని స్థానిక కౌన్సిలు వద్ద రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసియున్నది. పై చదువులకని పోయి, అయిదారుగురు కలిసి ఒక ఇల్లు తీసికొని, వంతులవారీగా అన్నము వండుకొనుచున్న మన పిల్లలలో అనేకులు తమకు తెలియకయే ఈ చట్టపు నీడన నివసించుచున్నారు. తూర్పు లండనులో ఈస్ట్ హామ్ చేరియున్న న్యూహామ్ కౌన్సిలు ఇంకొక అడుగు ముందునకు వేసి, 2013 జనవరి మొదలు తన హద్దులలోని ప్రైవేటు అద్దె యిండ్లకు దాదాపు అన్నిటికిని లైసెన్సు విధించినది. వేల్సులో 2015 నవంబరు నుండి అద్దెకిచ్చు ప్రతి యజమానియు పేరు నమోదు చేయించుకొనవలెను. అద్దె వసూళ్లు, మరమ్మతులు తానే చూచుకొనువాడు శిక్షణ పొంది లైసెన్సు కూడ తీసికొనవలెను. రుసుము ఊరిని బట్టి మారును. లైసెన్సు సాధారణముగా అయిదేండ్లకు మించి ఉండదు. లైసెన్సు అవసరమైన ఇంటిని అది లేకయే ఇంగ్లండులో అద్దెకిచ్చినవానిచేత, 2016 నాటి చట్టము పన్నెండు నెలల వరకు అద్దెను కిరాయిదారునకు తిరిగి యిప్పింప వీలు కల్పించినది. జరిమానాకన్న ఇంటాయనను ఎక్కువ భయపెట్టునది ఇదియేయని నా అనుమానము.

మన ప్రాంతములో లైసెన్సు లేదన్నంత మాత్రమున, ప్రభుత్వము అద్దె యింటి గడప తొక్కలేదని తలపరాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము పట్టణములలో ఇండ్లకు కరవు వచ్చినపుడు మద్రాసు ప్రభుత్వము తెచ్చిన అద్దెల నియంత్రణమే, రాష్ట్రము వేరైన పిదప 1960 సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ భవనముల చట్టముగా రూపొందినది. దాని ప్రకారము ఇల్లు ఖాళీ అయినచో యజమాని నిర్ణీతమైన కొద్దిదినములలోగా ఆ సంగతిని అధికారికి వ్రాతపూర్వకముగా తెలుపవలసియుండెడిది. సర్కారు తనకు కావలెనన్నచో ఆ ఇంటిని తన ఉద్యోగికి కేటాయింపగలిగెడిది. అద్దె చెల్లించిన ప్రతివానికి రసీదు పొందు హక్కును ఆ చట్టమే యిచ్చినది. అయితే 2005లో వచ్చిన సవరణ, నగరపాలక సంస్థలలో నెలకు 3,500 రూపాయలకును, తక్కిన చోట్ల 2,000 రూపాయలకును మించిన అద్దె గల యిండ్లను దాని పరిధినుండి తప్పించినది. పాలకొల్లు మునిసిపాలిటీయే గనుక ఇచ్చట రెండువేల గీతయే వర్తించెడిది. ఆ ధరకు నేడు ఈ ఊరిలో మంచి పోర్షను వెదకుమన్నచో బ్రోకరు నవ్వి ఊరకుండును.

ఇంకొక బంధము ఇంటి పన్ను. 2021 వరకు మునిసిపాలిటీలు పన్నును ఆ ఇంటికి ఏటా ఎంత అద్దె రాగలదో అంచనా వేసి దానిపై కట్టెడివి. యజమాని తానే కాపురమున్నచో ఆ అంచనాలో నూటికి నలుబది వంతున తగ్గింపు ఉండెడిది. అనగా ఇల్లు అద్దెకిచ్చిన మరుక్షణమే ఆ రాయితీ పోవలెను. పేరు వేరైనను, అద్దెకిచ్చువాడు సర్కారునకు చెల్లించు రుసుమువంటిదే అది! ఆచరణలో మాత్రము, బిల్ కలెక్టరు వచ్చినపుడు పోర్షనులోనున్నవారు "మా మేనత్తగారి తాలూకు" అగుటయు, ఆయన వెళ్లగానే మరల అద్దెవారగుటయు ఎరుగని వీధి యుండెనా? 2021 ఏప్రిలు నుండి పన్నును ఇంటి మూలధన విలువపై, నివాసములకు నూటికి 0.10 మొదలు 0.50 వరకు విధించు పద్ధతి వచ్చినది. ఇందులో అద్దె యెంతయను ప్రశ్నయే లేదు గనుక మేనత్తగారి చుట్టరికములకును పని తప్పినది.

ఇక మూడవది, అందరును తప్పుగా అర్థము చేసికొన్నది, అద్దె అగ్రిమెంటు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు పరిసరములలో దస్తావేజు లేఖరులు వంద రూపాయల స్టాంపు కాగితముపై టైపు చేసి యిచ్చు ఆ పత్రమున పదకొండు నెలలు అని తప్పక వ్రాసియుండును. ఏడాది నిండకున్న రిజిస్ట్రేషను అక్కరలేదని లోకము నమ్మిక. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము మూలములో అట్లే యున్న మాట నిజము. కాని ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని సవరించి, 1999 ఏప్రిలు 1 నుండి గడువుతో నిమిత్తము లేక స్థిరాస్తి లీజు పత్రములన్నియు రిజిస్టరు కావలెనని నిర్ణయించినది. కావున ఆ పదకొండు నెలల కాగితము రిజిస్టరు కానంతవరకు, రేపు తగవు వచ్చి న్యాయస్థానమున పెట్టినపుడు, అందులోని షరతులను రుజువు చేయు సాక్ష్యముగా నిలువజాలదు. వింత యేమనగా, ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, నోటిమాటపై ఇల్లు అప్పగించి నెలనెలా అద్దెకిచ్చుట చెల్లును. మాట చెల్లి, స్టాంపు వేసిన కాగితము చెల్లకపోవుట ఏ పురాణమందును వినియుండము. ఇంతకును స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపినను ఒక సాధారణ పోర్షను విషయములో గుండె బ్రద్దలగునంత మొత్తము కాదు; జనులు వెనుదీయునది రొక్కము చూచి గాక, ఇరువురును ఒక పూట పని మానుకొని, సాక్షులను వెంటబెట్టుకొని, వరుసలో నిలుచుండుట చూచి.

ఆ 1960 నాటి చట్టమునకు మారుగా 2017లో ఆంధ్రప్రదేశ్ అద్దెలకు నూతన చట్టము చేసినది. 2021 జూనులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన నమూనా చట్టము, ఒప్పందము వ్రాతలో నుండి రెండు నెలలలోగా అద్దె అధికారికి తెలియజేయబడవలెననియు, నివాసపు టిండ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు చెప్పుచున్నది. ఇదియు నమోదే గాని ఇల్లు చూచి యిచ్చు లైసెన్సు కాదు.

ఇట్టి స్థితిలో పాలకొల్లులో లైసెన్సు రుసుము పెట్టినచో నేమగును? రుసుమునకును పన్నునకును భేదమున్నది. 1954లో శిరూరు మఠము కేసున సర్వోన్నత న్యాయస్థానము, మద్రాసు ప్రభుత్వము మఠ దేవాలయములపై విధించిన వార్షిక చందా పన్నే గాని రుసుము కాదని తీర్పు చెప్పి, రుసుము పుచ్చుకొనువాడు ప్రతిగా సేవ చేయవలెనని స్పష్టపరచినది. 1983లో ఆంధ్రప్రదేశ్ మార్కెటు కమిటీల కేసులో అదే న్యాయస్థానము, పైసకు పైస సరితూగనక్కరలేదు, సేవకును సొమ్మునకును సమంజసమైన సంబంధ మున్న చాలునన్నది. ఆ కొలత ప్రకారము చూచినచో ఇల్లు చూడక తీసికొను రుసుము ఇంటి పన్నునకు రెండవ పేరు మాత్రమే. ఇంటాయన దానిని నెల తిరుగకుండ అద్దెలో కలిపివేయును.

చూడదగినవి లేకపోలేదు. ఒకే కరెంటు మీటరు మీద మూడు పోర్షనులు నడుచుచు, తక్కిన రెండింటికి ఇంటాయన తనకు తోచిన ధరకు యూనిట్లు లెక్కకట్టు ఇండ్లున్నవి. పెరటిలోని కొబ్బరిచెట్లు కొట్టించి రేకుల పైకప్పుతో లేపిన గదులలో ఎర్తు తీగ లేని ప్లగ్గులున్నవి. వానకాలమున చెమ్మ మోకాలెత్తు వరకు ఎక్కు డెల్టా గోడలమీద అవి యెంత ప్రమాదమో ఎలక్ట్రీషియను నడుగుడు. సెప్టిక్ ట్యాంకునకును బోరునకును నడుమ నాలుగడుగుల దూరము లేని పెరళ్లున్నవి. 2019 నుండి వార్డు సచివాలయములలో ప్లానింగుకు, వసతులకు వేర్వేరు కార్యదర్శులున్నారు గదా. ఏడాదికొకమారు వచ్చి ఎర్తు, బోరు, మరుగుదొడ్డి, పైకప్పు చూచి, లోపమున్నచో గడువిచ్చి, బాగున్నచో ఒక సర్టిఫికెట్టు గోడకు అంటించిపోవుటకు వారికగు ఖర్చును లెక్కకట్టి, దానికి మించకుండ, చిన్న పోర్షనుకు చిన్న మొత్తముగా, మూడంతస్తుల అపార్టుమెంటుకు పెద్ద మొత్తముగా రుసుము పెట్టినచో, వితంతువైన ఒక యిల్లాలు ముందుగది అద్దెకిచ్చి గడుపుకొనుచున్న సంసారమును అది కూల్చదు. పింఛనుదారు కట్టిన ఒక్క పోర్షనుకును, పదిళ్లు అద్దెలకిచ్చి దానినే వ్యాపారముగా చేసికొన్నవానికిని ఒకే రేటు వేయుదురేని మాత్రము, మొదటివాడు గది ఖాళీగా ఉంచి తాళము వేసికొనును, రెండవవాడు రుసుమును అద్దెపై వడ్డించును, అద్దె యిండ్ల కరవు మరల మొదటికి వచ్చును.