ఫోన్‌లోని ఆట బ్రౌజర్‌లోకి ఎలా వస్తుంది?

అసలు కోడ్ చూడకుండా ఫోన్ గేమ్‌ను బ్రౌజర్‌లో ఆడేలా తిరిగి రాయొచ్చా? రాయొచ్చు. 2014 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు వచ్చిన 'త్రీస్' సంగతే చూడండి. ఏషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్ ఏడాదికి పైగా చెక్కిన ఆట. నాలుగు వరసలు, వరసకు నాలుగు గళ్లు. 1, 2 కలిస్తే 3. ఆపైన ఒకే అంకె ఉన్న పలకలే కలుస్తాయి: రెండు 3లు 6, రెండు 6లు 12.

గళ్లు గీసి పలకలు జరపడం జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకు పెద్ద పనేం కాదు. చిక్కంతా ఎవరూ చెప్పని నియమాలతోనే. స్వైప్ చేస్తే పలక ఎంత దూరం పోతుంది? ఒక్క గడి. కొత్తది ఎటు నుంచి వస్తుంది? స్వైప్‌కు ఎదురు అంచు నుంచి, అదీ కదిలిన వరసలోకే. కాసేపు ఆడితే ఇవి తెలిసిపోతాయి.

మరి వచ్చేది 1 అవ్వాలో, 2 అవ్వాలో, 3 అవ్వాలో ఎలా తేలుతోంది? దీనికి కాగితం, కలం కావాలి. రాబోయే పలక రంగు పైన ముందే కనిపిస్తుంది: 1 నీలం, 2 ఎరుపు, 3 తెలుపు. ఆట మొదటి నుంచీ వరసగా రాసుకోండి. దేనికది విడిగా తీస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు పది నీలాలు వరసగా పడాలి. ఎంత ఆడినా పడవు. లెక్క సరైన చోట మొదలెడితే ప్రతి 12లోనూ మూడు రంగులూ నాలుగేసి ఉంటాయి. అంటే ఆట 12 పలకలను పేకముక్కల్లా కలిపి, ఒక్కొక్కటే పంచి, అయిపోగానే మళ్లీ కలుపుతోందన్నమాట. ఒక జాగ్రత్త: 48 తయారయ్యాక అప్పుడప్పుడు బోనస్ పలకలు పడతాయి, వాటిని ఈ లెక్కలో కలపకూడదు. అవి అతిపెద్ద పలకలో ఎనిమిదో వంతు దాటవు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? కట్ట సంగతి తెలియక ప్రతిసారీ ర్యాండమ్‌గా తీస్తే, ఒక్కోసారి ఎరుపు రాక నీలాలతోనే గళ్లు నిండిపోతాయి. చూడ్డానికి త్రీస్‌లానే ఉంటుంది, ఆడితే కాదని చేతికి తెలిసిపోతుంది.

స్కోరు గుట్టు ఆట ముగిశాక దొరుకుతుంది: 3కి 3, 6కి 9, 12కి 27. మెట్టుమెట్టుకూ మూడింతలు. 1, 2లకు సున్నా.

యాప్‌నే విప్పి చూడొచ్చు కదా? ఆండ్రాయిడ్ ఏపీకే నిజానికి ఒక జిప్ ఫైలే, విప్పడం సులువు. కానీ అందులోని కోడ్, బొమ్మలు, సంగీతం యజమానివి. 2012లో అమెరికాలో టెట్రిస్ హోల్డింగ్, జియో (Xio) కంపెనీల మధ్య కేసులో కోర్టు ఈ గీతే గీసింది. ఆట నియమాలు ఎవరైనా వాడుకోవచ్చు గానీ, టెట్రిస్ రూపాన్ని దించేసినందుకు జియో ఓడింది. కాబట్టి 12 పలకల కట్ట తీసుకోండి. త్రీస్ పలకల మీది ముఖాలు మాత్రం వదిలేసి, మీవి మీరే గీసుకోండి.