ముందు నేలపై, తర్వాత నింగిలో

భాస్వరం అనగానే మనకు గుర్తొచ్చేది ఫాస్ఫేట్. ఎముకల్లోనైనా, పొలంలో చల్లే ఎరువులోనైనా భాస్వరం ఆక్సిజన్‌తో కలిసే ఉంటుంది. ఆక్సిజన్‌ను వదిలేసి లోహంతో జతకడితే అది ఫాస్ఫైడ్. భూమి పైపొరల్లో ఇది బహు అరుదు. ఉల్కాశిలల్లో మాత్రం తరచు కనిపిస్తుంది. 1847లో పేరు పెట్టిన ష్రైబర్‌సైట్ అనే ఇనుము-నికెల్ ఫాస్ఫైడ్ కూడా ముందు ఉల్కాశిలలోనే దొరికింది. అందుచేత ఫాస్ఫైడ్ కనబడితే చాలు, ఆకాశం నుంచి ఊడిపడిందేమో అనిపించడం సహజం.

ఈ వరుసను తలకిందులు చేసిన ఖనిజం ట్రాన్స్‌జోర్డానైట్. ఇందులో ప్రతి రెండు నికెల్ పరమాణువులకు ఒక భాస్వరం పరమాణువు ఉంటుంది. కొంత నికెల్ స్థానంలో ఇనుము కూడా చేరవచ్చు. మృతసముద్ర ప్రాంతంలోని హత్రూరిమ్ శిలల్లో ఇది దొరికింది. జోర్డాన్ దేశంలోని ట్రాన్స్‌జోర్డాన్ పీఠభూమి పేరే దీనికి పెట్టారు. రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ బ్రిట్విన్ బృందం 2020లో దీని వివరాలు ప్రకటించింది.

మరి, గాలి నిండా ఆక్సిజన్ ఉన్న భూమ్మీద ఇది ఎలా పుట్టింది? మన సున్నపు బట్టీని తలచుకోండి. అక్కడి సుద్దరాళ్ళలో పూర్వపు సముద్రజీవుల అవశేషాలు ఇంకి ఉన్నాయి. ఆ ఇంధనమే అంటుకుందని కొందరు, లోతు నుంచి వచ్చిన మీథేన్ వాయువు మండిందని మరికొందరు అంటారు. ఏదైతేనేం, సిమెంటు క్లింకర్‌లో ఉండే లార్నైట్ సహజంగా తయారయ్యేంత వేడి పుట్టింది. గాలి అందని చోట ఫాస్ఫేట్‌లోని ఆక్సిజన్ ఊడిపోయి, భాస్వరం నికెల్‌తో కలిసింది. మనం క్లాసులో చదివే క్షయకరణమే ఇది!

తర్వాత అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన కేంబ్రియా అనే ఇనుప ఉల్కాశిలలోనూ ఇదే ఖనిజం ఉందని తేలింది. అంటే నేల ముందు చూపింది, నింగి తర్వాత సాక్ష్యం చెప్పింది.

ఇదంతా మనకెందుకంటారా? డి.ఎన్.ఎ.కు భాస్వరం కావాలి. ఫాస్ఫేట్ ఖనిజాలేమో నీళ్ళలో సులభంగా కరగవు. ష్రైబర్‌సైట్ మాత్రం నీటితో చర్య జరిపి, చురుకైన భాస్వర సమ్మేళనాలను ఇస్తుంది. అందుకే తొలి జీవానికి భాస్వరాన్ని ఉల్కలే తెచ్చాయన్న వాదం ఉంది. జోర్డాన్ బట్టీ ఆ వాదాన్ని కొట్టివేయదు. జీవుల అవశేషాలే ఇంధనమైతే, జీవం పుట్టక ముందు ఆ బట్టీయే లేదు కదా! కాని ఫాస్ఫైడ్‌ను భూమి కూడా చేయగలదని రుజువు చేసింది.

కాబట్టి మిత్రులారా, రేపు మీ చేతికో వింత రాయి చిక్కితే దాని పుట్టిల్లు తొందరపడి తేల్చకండి. చుట్టుపక్కల రాళ్ళను కూడా అడగండి.