తరుగు గడిలో దాక్కున్న లీకు

దొంతన్‌పల్లి నుంచి మొదలుపెట్టమన్నారు ఎడిటర్. శంకర్‌పల్లి రోడ్డు, ఇక్ఫాయ్ క్యాంపస్, చుట్టూ హైదరాబాద్ శివారు వెంచర్లు. ఇంకాస్త వెళ్తే మొయినాబాద్, చేవెళ్ల పూలతోటలు, కూరగాయల మళ్లు. అంశం: భూమిలో పాతిన పాత పెట్రోలు ట్యాంకు కారితే ఏం చేయాలి? గడువు: శుక్రవారం సాయంత్రం. అక్కడేదో లీకైందని కాదు, దొంతన్‌పల్లి ఈ కథలోకి వచ్చింది బోరునీళ్ల మీద పైరు పచ్చబడే ప్రాంతం కాబట్టి.

ట్యాంకు కంటికి కనబడదు. కనబడేది బంకు ఆఫీసు బల్లమీది స్టాకు రిజిస్టరు. కథంతా అందులోనే ఉంది.

పొద్దున్నే ట్యాంకు మూత తీసి, గీతలున్న పొడవాటి లోహపు కర్రను లోపలికి దించుతారు. డిప్పు చూడటమంటే ఇదే. కర్ర కొసకు గోధుమరంగు పేస్టు పూస్తారు; ట్యాంకు అడుగున నీళ్లుంటే ఆ మేరకు పేస్టు ఎర్రబడుతుంది. తడి ఎంతవరకు ఎక్కిందో చూసి, చార్టులో లీటర్లు వెతికి రిజిస్టరులో రాస్తారు. నిన్నటి నిల్వ, వచ్చిన లోడు, అమ్మకం, ఉండాల్సింది, ఉన్నది. ఆఖరి గడిలో తేడా. దుకాణం భాషలో చెప్పాలంటే తరుగు.

తరుగు ఉండటం తప్పేం కాదు. పెట్రోలు ఆవిరవుతుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. ఒక్క డిగ్రీ మారితే వెయ్యి లీటర్లకు దాదాపు లీటరు తేడా వస్తుంది. 20,000 లీటర్ల నిండు ట్యాంకులో అది సుమారు 20 లీటర్లు. ఇప్పుడు తుప్పు తిన్న చోట సన్నని చిల్లిపడి గంటకో లీటరు కారుతోందనుకోండి. రోజుకు 24. రిజిస్టరులో ఎండకూ చిల్లికీ ఒకటే మొహం!

అందుకే రోజు లెక్క చూస్తే దొంగ దొరకడు, నెల లెక్క చూడాలి. ఎండ ఒకనాడు పెంచుతుంది, ఇంకోనాడు తగ్గిస్తుంది. చిల్లికి తగ్గించడం ఒక్కటే తెలుసు. అమెరికా నిబంధన ఈ నెల లెక్కనే పట్టుకుంది: తేడా ఆ నెల అమ్మకంలో 1 శాతం, దానికి 130 గ్యాలన్లు (సుమారు 490 లీటర్లు) కలిపినదాన్ని దాటితే లీకును అనుమానించాలి. అదీ ఉదారమైన లెక్కే. నెలకు లక్ష లీటర్లమ్మే బంకుకు హద్దు 1,490 లీటర్లు అవుతుంది. గంటకో లీటరు చొప్పున కారేది నెలకు 720. ఆ వలలోంచి హాయిగా జారిపోతుంది.

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి మార్గదర్శకాల్లో ఇంకో అంకె ఉంది. 165 లీటర్లు, అంటే ఒక పీపా, లేదా అంతకు మించి కారితే అధికారులకు చెప్పి తీరాలి. మంచిదే. కానీ పీపాడు కారిందని తెలియాలంటే ముందు కారుతోందని తెలియాలి కదా.

ఇప్పుడు చాలా బంకుల్లో ఆటోమేటిక్ గేజులొచ్చి కర్ర మూలపడుతోంది. ఈ కథనకర్త అభిమానం మాత్రం ఆ కర్రమీదే. మూతలోంచి దిగినవి కాకుండా వానాకాలంలో అడుగున నీళ్లు పెరుగుతున్నాయంటే, అవి వచ్చిన దారే ఎండాకాలంలో పెట్రోలు పోయే దారి కావచ్చు. అయితే 20 శాతం ఎథనాల్ కలిపిన నేటి పెట్రోలు కొంత నీటిని తనలోనే కలిపేసుకుంటుంది. ఆ మేరకు ఎర్రరంగు కనబడదు.

పెట్రోలులో బెంజీన్ గరిష్ఠంగా 1 శాతం ఉండొచ్చు. ఇది క్యాన్సర్ కారకం. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. లెక్కేస్తే, ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ మొత్తం నీళ్లలో కలిస్తే ఎనిమిదిన్నర లక్షల లీటర్లకు పైగా పాడవుతాయి. 12,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లయితే డెబ్బైకి పైనే.

చరిత్ర క్లుప్తంగా: అమెరికా 1984లో చట్టం చేసింది, పాత ట్యాంకులు మార్చడానికి 1998 డిసెంబరు 22 వరకు గడువిచ్చింది, శుద్ధి నిధికని గ్యాలనుకు సెంటులో పదోవంతు పన్ను వేసింది, ఇప్పటిదాకా ఐదు లక్షలకు పైగా లీకులు తేలాయి, వేల చోట్ల పని ఇంకా మిగిలే ఉంది. మనకు దగ్గర్లో, తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటలో 2013లో పెట్రోలియం పైపులైను కారి బోర్లలో ఇంధనం తేలింది. ఆ వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

శుద్ధి మాటకొస్తే, ముందు ట్యాంకు ఖాళీ చేసి పైకి తీస్తారు, తడిసిన మట్టి తవ్వుతారు. నీటిమీద తేలిన పెట్రోలును తోడేస్తారు. తర్వాత భూమిలోని ఆవిరిని పంపులతో లాగుతారు, లేదా నీటిలోకి గాలి ఊదుతారు. మిగిలిన మడ్డిని తినేందుకు సూక్ష్మజీవులున్నాయి. టెరి సంస్థ తయారుచేసిన ‘ఆయిల్‌జాపర్’ అలాంటిదే. ఇసుక నేలలో ఇదంతా సాగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌లో నీళ్లు పగుళ్ల వెంట పోతాయి. పక్కింటి బోరు బాగానే ఉండి, రెండు పొలాల అవతలి బోరు వాసన రావచ్చు. ఎక్కడ గాలి ఊదాలో తేల్చుకోవడమే సగం పని.

బోరు నీళ్లు పెట్రోలు వాసన వస్తే

మోటారు స్విచ్చి ముట్టుకోవద్దు. అగ్గిపుల్ల గీయొద్దు, ఆ నీళ్లతో స్నానం కూడా వద్దు. శుభ్రమైన గాజుసీసాలో అంచుదాకా, గాలి మిగలకుండా నీళ్లు పట్టి బిగించి చల్లగా ఉంచండి. గాలి ఉంటే బెంజీన్ అందులోకి ఎగిరిపోతుంది. తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి, ట్యాంకుల లైసెన్సులు చూసే పెసోకు రాతపూర్వకంగా తెలపండి. దగ్గర్లోని బంకుల స్టాకు రిజిస్టర్లు కనీసం ఏడాదివి తనిఖీ చేయాలని అదే కాగితంలో అడగండి.