తిరుపతిలో వెలసిన ‘ల్యాప్‌టాప్’

పది డాలర్ల ల్యాప్‌టాప్ రానున్నదన్న వార్త 2009లో కంప్యూటర్ ప్రియులను ఊరించింది. అంటే సుమారు 500 రూపాయలు! ఫిబ్రవరి 3న తిరుపతిలో కేంద్ర ప్రభుత్వం దానిని ప్రదర్శించింది. తీరా చూస్తే తెర లేదు, కీబోర్డూ లేదు. పాఠ్యాంశాలను భద్రపరచే పెట్టె మాత్రమే. లడ్డూ కోరిన భక్తునికి సంచి మాత్రం దక్కినట్లయింది.

2011 అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదలైన ‘ఆకాశ్’ టాబ్లెట్‌కు ఏడంగుళాల తెర అమరింది. కాకపోతే తాకితే పలికేది కాదు, గట్టిగా నొక్కవలసి వచ్చేది. ఒత్తిడి లేనిదే కదలని సర్కారు దస్త్రం వలె.

హాస్యం అటుంచితే, కంప్యూటర్ కొనలేని విద్యార్థికి ధర తగ్గుదల నిజమైన అవసరమే. చిక్కల్లా వస్తువుకంటే ముందే దాని ధరకు చాటింపు వేయడంలో ఉన్నది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు అటువంటి ఇళ్లలో చాలామంది పిల్లలు పాఠాలు విన్నది తండ్రి మొబైల్‌లోనే. అదీ ఆయన పని నుంచి తిరిగివచ్చాక.